ఏడింటి వార్తలు, ఐదున్నర బస్సు

మా క్యాంపు గేటు దగ్గర బస్సు కదిలేది ఐదున్నరకి. అప్పుడు మా ఊళ్లో ఏడవుతుంది. దుబాయికీ మనకీ గంటన్నర తేడా. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడంటే, ఇంట్లో కిటికీ గూట్లో నాన్న రేడియో వార్తల్లోకి వచ్చేసినట్టే. వెల్డరుగా వచ్చిన కొత్తలో ఆ లెక్క వేళ్ల మీద వేసుకునేవాణ్ని. ఇప్పుడు ఆ అవసరం లేదు.

మాది సోంపేట దగ్గర, బారువ సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఉద్దానం పల్లె. కొబ్బరి, జీడి, పనస. మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు బయట దేశంలో ఉంటారు. వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో. కరెంటు ఉన్నా మా ఇంట్లో టీవీ చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా తోలు కవరు వేసిన నాలుగు సెల్లుల ట్రాన్సిస్టరే మాకు పాట, వార్త, గడియారం. సెల్లులు నీరసించి గొంతు బొంగురుపోతే అమ్మ వాటిని తీసి పెరట్లో ఎండబెట్టేది. ఎండ తగిలాక ఇంకో రెండు రోజులు పలికేవి.

ఆ రేడియోని ఎక్కడ పడితే అక్కడ పెడితే సరిగ్గా పలకదు. గూట్లో ఒక వంపులో పెట్టాలి. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద, కటక్ కేంద్రం 972 మీద. మేము ఒడిశా సరిహద్దు పక్కనే కదా, ముల్లు కాస్త జరిగిందంటే ఒరియా పాట అందుకునేది. ముల్లు కుదిరాక వంపు కుదరాలి. దానికోసం నాన్న గూట్లో సుద్దముక్కతో ఒక గీత గీసి పెట్టాడు. రేడియో అంచు ఆ గీత మీద ఉండాలి, ఊడ్చేటప్పుడు జరిపినా మళ్లీ అక్కడే పెట్టాలి. అది నాన్న చాదస్తం అనుకునేవాణ్ని. ఐటీఐలో చేరాక ఒకసారి వెనక మూత విప్పి చూశాను. లోపల పెన్సిలంత నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ. అదే ఏరియల్. కడ్డీ మొన స్టేషను వైపు తిరిగితే గొంతు పీలగా అయిపోతుంది, స్టేషనుకి అడ్డంగా ఉంటే నిండుగా పలుకుతుంది. నాన్న ఆ కడ్డీని ఎన్నడూ చూడలేదు. చెవితో విని గీత గీశాడు, సరిగ్గా గీశాడు.

విశాఖ మాకు సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరం నుంచి పట్టపగలు కూడా అంత శుభ్రంగా ఎలా వస్తుందా అని చాలాకాలం అనుకున్నాను. మీడియం వేవ్ తరంగం నేల మీద కంటే ఉప్పునీటి మీద బాగా సాగుతుందట. విశాఖ నుంచి మా దాకా సముద్రం ఒడ్డు వెంబడే కదా. ఆ సంగతి చెబితే నాన్న చాలా సంతోషపడ్డాడు. "మరి మన సముద్రమేటనుకున్నావు" అన్నాడు.

పొద్దున్న వందేమాతరం, మంగళవాద్యం, తర్వాత భక్తిరంజని. భక్తిరంజని అయ్యేలోపు అమ్మ కళ్లాపి చల్లి ముగ్గు వేసేసేది. వార్తలు అవగానే నాన్న తోటకి బయలుదేరేవాడు. ఆదివారం మధ్యాహ్నం నాటకం, ఇంకెప్పుడో సంక్షిప్త శబ్దచిత్రం. సినిమా హాలుకి వెళ్లలేని ఆడవాళ్లు మా అరుగు మీద కూర్చుని ఆ సినిమాలన్నీ వినేశారు. సుశీల గొంతు వస్తే నాన్న చేతిలో పని ఆపేవాడు. "మన ఇజీనారం ఆడపిల్ల" అనేవాడు, ఎవరో బంధువులమ్మాయి గురించి చెప్పినట్టు. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాల గురించి ఆయనకి తెలిసింది కూడా రేడియోలోనే. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్ అనీ, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారనీ, ఘంటసాల అక్కడే చదువుకున్నారనీ మాకు చెప్పేవాడు. మాది వెనకబడ్డ జిల్లా అని ప్రతివాళ్లూ అంటుంటే విని పెరిగినవాణ్ని నేను. ఆ పేర్లు వింటే నాకు ఛాతీ పొంగేది. ఇప్పటికీ అంతే.

1998లో బయటికి వచ్చాను. గదికి పన్నెండు మందిమి. ఫోను చేస్తే నిమిషాలు గుండెల మీద నుంచి పోతున్నట్టుండేది, అంత ఖరీదు. అందుకని క్యాసెట్లు. అరవై నిమిషాల క్యాసెట్ కొని, రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి కప్పుకుని టేప్‌రికార్డర్‌లో మెల్లగా మాట్లాడి, ఊరెళ్లే మనిషి చేతిలో పెట్టేవాళ్లం. జవాబు కూడా క్యాసెట్లోనే వచ్చేది. అమ్మ మొదట్లో బెదిరిపోయి ఉత్తరం చదివినట్టు మాట్లాడేది. కాసేపటికి మర్చిపోయి మామూలుగా మాట్లాడేది, మధ్యలో కోడిని అదిలించేది. ఆమె మాటల వెనకాల రేడియో వినిపిస్తూ ఉండేది. ఆ క్యాసెట్‌ని ఒకసారి అమ్మ కోసం పెట్టుకునేవాణ్ని, రెండోసారి ఆ రేడియో కోసం పెట్టుకునేవాణ్ని. వాల్యూమ్ పెంచితే అమ్మ గొంతు పగిలిపోయేది గానీ, వెనకాల వార్తలు చదివే ఆయన మాటలు కొంచెం తెలిసేవి. ఒక క్యాసెట్ టేపు చిక్కుపడి మెషిన్‌లో ఇరుక్కుంది. పెన్సిల్ దూర్చి తిప్పి తిప్పి బయటికి తీశాను. తీసినా మధ్యలో రెండు నిమిషాలు నలిగిపోయాయి. అవి అమ్మమ్మ గురించి అమ్మ చెప్పిన రెండు నిమిషాలు. ఆ తర్వాత ఏడాదికి అమ్మమ్మ పోయింది.

మొదటి జీతంతో చిన్న రేడియో కొన్నాను. రాత్రి మేడ మీదికెక్కి 927 కోసం తిప్పేవాణ్ని. అక్కడ అరబ్బీ, ఫార్సీ తప్ప మరోటి లేదు. 1071 మీద మాత్రం రాజ్‌కోట్ నుంచి ఆకాశవాణి ఉర్దూ సర్వీసు గట్టిగా పలికేది. అది పది లక్షల వాట్ల ట్రాన్స్‌మిటర్. పగలు ఆకాశంలో కింది పొర ఒకటి మీడియం వేవ్‌ని మింగేస్తుంది, చీకటి పడితే ఆ పొర పోయి తరంగం ఇంకా పైనున్న పొరకి తగిలి దూరాన దిగుతుంది. పాత హిందీ పాటలు, మధ్యలో గాలి హోరు. తెలుగు కాకపోయినా ఇండియా వచ్చిందని నలుగురం చుట్టూ కూర్చునేవాళ్లం. మా పక్క గది పాకిస్తానీ డ్రైవరు కూడా వచ్చేవాడు.

బస్సు సంగతి వేరు. సైటుకి నలభై నిమిషాలు. ముందు సీట్లో ఉన్నవాళ్ల భాషే రేడియోలో నడిచేది. మలయాళం వాళ్లకి ఇక్కడ స్టేషన్లు ఉన్నాయి, హిందీకి ఉన్నాయి. మనకి సీడీలో, తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నదే. కొన్నాళ్లు గొడవలయ్యాక పెద్ద ఫోర్‌మన్ వంతులు పెట్టాడు. మాకు బుధవారం వచ్చేది. ఆ ఒక్కరోజు కోసం ఏ పాట పెట్టాలని మంగళవారం రాత్రి మా గదిలో చర్చ జరిగేది, నిజంగా టెన్షన్ పడేవాళ్లం. బంగ్లాదేశ్ కుర్రాడొకడు అర్థం తెలియకుండానే మన పాట పల్లవి నేర్చేసుకుని సైట్లో పాడుతుంటే ఎంత ఆనందమో. ఇప్పుడు అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే. గొడవల్లేవు. ఎవరి పాట ఎవరికీ తెలియదు. ఈ మార్పు నాకు నచ్చలేదు. సైట్లోకి అడుగుపెట్టగానే ఇయర్‌ఫోన్లు తీసెయ్యాలి. వెనక్కి వచ్చే లారీ అలారం, క్రేన్ దగ్గర విజిల్ వినపడాలి కదా, ఆ రూల్ మంచిదే. ఇక గ్రైండర్లు మొదలైతే ఇయర్‌ప్లగ్‌లు. సాయంత్రం అవి తీశాక చాలాసేపు చెవుల్లో సన్నటి ఈల మిగిలి ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు రాత్రి నాన్న ఫోను చేసి కొత్త సెల్లులు కొన్నానని చెప్పాడు. తెల్లారేసరికి ఫోన్లు లేవు. కరెంటు పోయింది, టవర్లు పోయాయి. నేను బస్సులో, క్యాంటీన్లో, మంచం మీద ఫోన్ పట్టుకుని తెలుగు ఛానెళ్లు చూస్తూనే ఉన్నాను. వజ్రపుకొత్తూరు చూపించారు, పలాస చూపించారు, మళ్లీ అవే బొమ్మలు. మా ఊరి పేరు రాలేదు. నాలుగు రోజులు పని చేశాను గానీ ఏం చేశానో గుర్తులేదు. ఐదో రోజు మా బావ హైవే దాకా వెళ్లి, సిగ్నల్ దొరికిన చోట నాన్నకి ఫోనిచ్చాడు.

"మనుసులం బాగున్నామురా. తోటే నేదు."

తర్వాత చెప్పాడు. ఆ రాత్రంతా రేడియో గూట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడట. కళింగపట్నం రేవు ప్రమాద సూచికలు, గాలి వేగం, ఎక్కడికి చేరింది, అన్నీ విని చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి గట్టిగా అరిచి చెప్పాడట. రేకు లేచిపోయాక కూడా అది మోగుతూనే ఉందట. తాత నాటిన కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయని చెప్తున్నప్పుడు ఆయన గొంతు వణికింది. నేనప్పుడు స్కాఫోల్డింగ్ కింద నిలబడి ఉన్నాను.

ఇక్కడ వాట్సాప్‌లో కాల్ కలవదు, వాయిస్ మెసేజ్ వెళ్తుంది. అది మళ్లీ పాత క్యాసెట్ లాంటిదే. నాన్నకి బటన్ ఎప్పుడు వదలాలో సరిగ్గా తెలియదు, రెండు మాటలు చెప్పి మూడు నిమిషాలు పట్టుకునే ఉంటాడు. తిన్నావా, ఎండ ఎలాగుంది, అంతే. మిగతాదంతా ఇల్లు. అమ్మ గిన్నెలు, కాకి, రేడియో. ఆకాశవాణి కేంద్రాలు ఇప్పుడు యాప్‌లో కూడా వస్తాయి, నా ఫోన్లో ఉంది. శబ్దం అద్దంలా ఉంటుంది. అయినా బస్సెక్కి కూర్చుని నేను వినేది నాన్న పంపినదే.

మొన్న సెలవుకి వెళ్తే ఇంటికి సున్నం వేయించి ఉంది. గూట్లో గీత పోయింది. రేడియోని తుడిచి, నాకు తెలిసిన లెక్కలన్నీ గుర్తుచేసుకుని, కడ్డీ అడ్డంగా ఉండేలా చూసి పెట్టాను. బాగానే పలికింది. సుద్దముక్క తీసుకుని గీద్దామని వంగేసరికి మంచం మీంచి నాన్న గొంతు వచ్చింది.

"ఇంకొంచెం సముద్రమేపు తిప్పరా."