అమ్మ కోసం లాయర్ని పెట్టుకున్నాం

అమ్మకి మతిమరుపు మొదలైందని డాక్టర్ చెప్పాక, ఇక్కడ న్యూజెర్సీలో ఒక ఎల్డర్ లా అటార్నీ దగ్గరికి వెళ్లాం. పెద్దవాళ్ల వ్యవహారాలే చూస్తారావిడ.

వెళ్లగానే నన్నూ అన్నయ్యనీ బయట కూర్చోమన్నారు. "నా క్లయింట్ మీ అమ్మగారు, మీరు కాదు" అన్నారు. ఫీజు కట్టేది మేమే అయినా సరే! తెలుగు దుబాసీని కూడా ఆవిడే ఫోన్‌లో పిలిపించారు. నాకా పద్ధతి ఎంత నచ్చిందో. లోపల ఏమడిగిందో కార్లో అమ్మే చెప్పింది: "ఇల్లు ఇప్పుడే రాసిచ్చేస్తే రేపు నా గతేంటండీ అన్నానే." మాతో ఏనాడూ అనలేదా మాట.

అమ్మ తరఫున వ్యవహారాలు చూసే అధికారం మాకిచ్చే పత్రం, అదే పవర్ ఆఫ్ అటార్నీ, మీద అమ్మకి తెలివిడి ఉండగానే సంతకం పడాలి. ఆలస్యమైతే గార్డియన్‌షిప్, అంటే అమ్మ బాధ్యత కోర్టే ఒకరికి అప్పగించడం, కోసం కోర్టుకెక్కాల్సి రావచ్చు. నర్సింగ్ హోమ్‌కి (ఇక్కడ పెద్దవాళ్లని ఉంచి చూసుకునే చోటు) మెడికేర్, అంటే పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఇచ్చేది మహా అయితే 100 రోజులు, అదీ షరతులతో. ఆపైన మెడికెయిడ్, అంటే ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకిచ్చే ప్రభుత్వ సాయం, కావాలంటే వెనకటి 5 ఏళ్లలో ఎవరికేం రాసిచ్చారో తవ్వి చూస్తారు. ఇల్లు మా పేర మార్పించే ఆలోచన అక్కడే ఆగిపోయింది.

లాయర్ కోసం చూస్తున్నవాళ్లు, ఫీజు గంటలెక్కనా, పని మొత్తానికా అని ముందే అడగండి. మాకు మొత్తానికి ఒకే రేటు కాగితం మీద రాసిచ్చారు.