కెండోలో అరవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది

టోక్యోలో మేముండేది నిషి కసాయ్. మనవాళ్లు చాలామంది ఉన్న చోటే. ఇక్కడికొచ్చాక గొంతు తగ్గించడం బాగా అలవాటైపోయింది. రైల్లో ఫోను ఎత్తం, రాత్రి పొద్దుపోయాక వాషింగ్ మెషీన్ వెయ్యం. అలాంటిది 2022లో కెండో, అంటే వెదురు కత్తితో చేసే జపాను కత్తిసాము, నేర్చుకుందామని ఇంటి దగ్గరి వ్యాయామశాలకు వెళితే, తలుపు తీయకముందే లోపలి అరుపులు వినిపించాయి. భయమేసిన మాట నిజం.

ఆ అరుపునే కియాయ్ అంటారు. 'కి' అంటే లోపలి శక్తి, 'ఆయ్' అంటే కలవడం. చెవికి వినిపించేది అందులో పైభాగమే. కెండోలో ఎక్కడ కొడితే ఆ పేరు గట్టిగా పలకాలి. నడినెత్తిన కొడితే 'మెన్', మణికట్టు మీద 'కొతె', పక్కటెముకల మీద 'దో'. అరవకుండా కొడితే, దెబ్బ ఎంత చక్కగా తగిలినా పాయింటు రాదు. పోటీలో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఎర్ర, తెల్ల జెండాలు పట్టుకుని ఉంటారు. వాళ్లలో ఇద్దరైనా జెండా ఎత్తాలి. వాళ్లు చూసే నియమంలో మొట్టమొదట ఉండేదే లోపలి నుంచి పొంగే ఉత్సాహం. భంగిమ, దెబ్బ తగిలిన తీరు దాని తర్వాతే.

నాకు గొంతు వచ్చేది కాదు. చేతిలో షినాయ్, అంటే నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన కత్తి. పెద్ద ఆడవాళ్లు వాడేదైతే 440 గ్రాములకు తగ్గకూడదు. దాన్ని ఎత్తడం వచ్చింది, కుడికాలు నేలకేసి చరిచి ముందుకు దూకడమూ వచ్చింది. కానీ 'మెన్' అనే మాట మాత్రం ముఖకవచం వెనక గొణుగుడులా ఉండేది. కాస్త గట్టిగా ప్రయత్నిస్తే గొంతు మండేది. ఇంటికెళ్లి ఉప్పునీళ్లు పుక్కిలించేదాన్ని.

డెబ్బై దాటిన మా సెన్సేయి, అంటే గురువుగారు, ఒకరోజు నా నడుం పట్టీ ముడి మీద వేలితో తట్టి, "మీరు గొంతుతో అరుస్తున్నారు. ఇక్కడి నుంచి రావాలి" అన్నారు. బొడ్డు కిందన్నమాట. మీ ఊళ్లో బరువు పని చేసేవాళ్లు ఏం శబ్దం చేస్తారని కూడా అడిగారు. నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. కారం దంచేటప్పుడు రోకలి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేది, ప్రతి పోటుకీ 'హుఁ' అని ఊపిరి వదిలేది. నోటితో అనాలనుకుని అన్నది కాదు. రోకలి దిగుతుంటే పొట్ట బిగిసి, ఊపిరి దానంతటదే బయటికొచ్చేది. మర్నాడు వంటింట్లో ఉత్త చేతులతోనే ఆ పోటు వేసి చూశాను. పొట్ట కదిలింది.

ఆదివారాలు ఏటిగట్టుకు వెళ్లడం మొదలుపెట్టాను. మా పేట పక్కనే నకగావా, అరకావా నదులు రెండూ దగ్గరదగ్గరగా పారతాయి, వాటి మీదుగా తోజై లైను రైళ్లు వెళతాయి. రైలు వంతెన మీదికి రాగానే 'మెన్' అని అరిచేదాన్ని. ఆ చప్పుడులో నా గొంతు ఎవరికీ వినబడదన్న ధైర్యం. కొన్ని వారాలకు రైలు వెళ్లిపోయాక కూడా అరవగలిగాను. చేతిలో బలం పెరిగినట్టే అనిపించేది. అది వట్టి భ్రమ కాదేమో. లాగే క్షణంలో అరిస్తే చేతి కండరాలు ఎక్కువ బలం చూపాయని ఇకాయ్, స్టైన్‌హాస్ అనే పరిశోధకులు 1961లోనే కొలిచి రాశారు.

2024 వసంతంలో షోదాన్, అంటే మొదటి దాన్ స్థాయి, పరీక్షకు వెళ్లాను. పదమూడేళ్లు నిండితే రాయొచ్చు కాబట్టి నా చుట్టూ అందరూ బడిపిల్లలే. నా ఎదుట నిలిచిన పిల్లాడి కియాయ్‌కి నా ముఖకవచం అదిరినట్టనిపించింది. నేనూ అరిచాను, కొట్టాను. గోడకు అంటించిన కాగితంలో నా నంబరు లేదు. ఇంటిదాకా కళ్లనీళ్లు ఆపుకుంటూ వచ్చాను.

సెన్సేయి ఒకే మాట చెప్పారు. "దెబ్బతోపాటే మీ గొంతూ ఆగిపోతోంది." తప్పు అక్కడే ఉందని నాకూ అప్పుడు తెలిసింది. రోకటిపోటు రోటి అడుగున ఆగుతుంది, ఊపిరీ అక్కడే తెగుతుంది. కెండోలో కొట్టాక ఎదుటివాణ్ణి దాటి వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ సిద్ధంగా నిలబడేదాకా మనసు వదలకూడదు. దాన్ని జన్‌షిన్ అంటారు. 'మె' అని మొదలైన అరుపు ఆ పరుగంతా సాగాలి. అమ్మమ్మ నన్ను సగం దారి తీసుకొచ్చింది, మిగతా సగం నేనే నడవాలి.

రోట్లో తల పెట్టాక పోటుకు వెరవడం దేనికని మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఆ ఎండాకాలమంతా కిరికయేషి చేశాను. ఎడమ, కుడి మార్చి మార్చి తలమీద కొడుతూ ముందుకు నాలుగు, వెనక్కి అయిదు, ఒకే ఊపిరిలో. ఆరో దెబ్బకే ఊపిరి అయిపోయేది. కవచం లోపల చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకునే వీల్లేదు. సెప్టెంబరు నాటికి తొమ్మిదో దెబ్బ దాకా వచ్చాను.

రెండోసారి పరీక్షలో కతా, అంటే ఇద్దరు కలిసి చెక్క కత్తులతో ముందే నిర్ణయించిన వరసలో చేసి చూపే కదలికలు, కూడా బాగా కుదిరింది. అందులో మొదట దాడి చేసేవారు 'యా' అంటారు, జవాబుగా కొట్టేవారు 'తోఁ' అంటారు. ఆ 'తోఁ' నాది. చెక్క కత్తి దిగాక కూడా హాల్లో ఒక క్షణం నిలిచింది. ఈసారి కాగితంలో నా నంబరు ఉంది. చూసి, వేలు పెట్టి మళ్లీ చూశాను.

నిదాన్‌కు, అంటే రెండో దాన్‌కు, షోదాన్ వచ్చాక ఏడాది ఆగాలి. 'కొతె' అన్నప్పుడు నా గొంతు ఇంకా పలచగానే వస్తోందని సెన్సేయి అంటున్నారు. చిన్న దెబ్బ, ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. వచ్చే ఆదివారం ఏటిగట్టున దాంతోనే మొదలుపెడతాను.