రెండు లైన్లు మారిస్తే ఫైలంతా ఎర్రబడింది

పోయిన నెల ఒక చిన్న బగ్. తేదీ తప్పు పడుతోంది, అంతే. రెండు లైన్లు మార్చి, సేవ్ కొట్టి, పుల్ రిక్వెస్ట్ (మార్పులు చూసి అసలు కోడ్‌లో కలపమనే అర్జీ) పెట్టేసి రాయదుర్గంలో మెట్రో ఎక్కేశాను. అమీర్‌పేటలో మియాపూర్ రైలుకి మారుతుంటే మా సీనియర్ ఫోన్. "ఏంది భయ్ ఇది? రెండు లైన్లంటివి, పదమూడు వందల లైన్లు మారినయ్. ఏది చూడాలె నేను?"

ఇంటికెళ్లి చూస్తే నిజమే. ఆ వారమే కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు, నేను కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ప్రెట్టియర్ అనే ఫార్మాటర్ (కోడ్ రూపాన్ని దానంతటదే సర్దేది) వేసుకుని, సేవ్ కొట్టగానే సర్దేలా ఫార్మాట్ ఆన్ సేవ్ ఆన్ చేసి మర్చిపోయాను. మా పాత ప్రాజెక్ట్‌లో అన్నీ సింగిల్ కోట్స్, పొడుగు పొడుగు లైన్లు. ప్రెట్టియర్‌కి ఏమీ చెప్పకపోతే డబుల్ కోట్స్ పెడుతుంది, లైన్‌ని 80 అక్షరాల దగ్గర విరుస్తుంది. (ఈ 80 అలవాటు 1928 నాటి ఐబీఎమ్ పంచ్ కార్డుల నుంచి వస్తోంది, కార్డులే పోయాయి, గీత మాత్రం పోలేదు.) స్పేసుల మార్పులు దాచి చూద్దామన్నా లాభం లేదు, కోట్స్ కూడా మారాయిగా. అసలు మార్చిన రెండు లైన్లు గడ్డివాములో సూదిలా ఎక్కడో ఉన్నాయి.

చాలామంది ఇక్కడ ఫార్మాటర్‌నే తీసిపారేస్తారు. నాకైతే తప్పు దానిది కాదనిపించింది. ఆ సెట్టింగ్ నా ల్యాప్‌టాప్‌లో ఉండటమే తప్పు, ఉండాల్సింది ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో. మర్నాడు ప్రాజెక్ట్ మొదట్లోనే ఒక డాట్ ప్రెట్టియర్ ఆర్‌సీ ఫైల్ పెట్టాను: సింగిల్ కోట్స్, వెడల్పు 100. ఆ ఫైల్ ఉంటే ఎవరి ఎడిటర్‌లో ప్రెట్టియర్ సెట్టింగ్స్ ఏమున్నా ఎక్స్‌టెన్షన్ వాటిని పట్టించుకోదు. వెడల్పు మీద మాత్రం గంటసేపు గొడవైంది, ఒకరికి 120 కావాలి, ఒకరికి 80 ముద్దు, చివరికి చాయ్ చల్లారిపోయి 100కి ఒప్పుకున్నారు.

దాంతో పాటు డాట్ వీఎస్‌కోడ్ ఫోల్డర్‌లో సెట్టింగ్స్ ఫైల్ ఒకటి. డిఫాల్ట్ ఫార్మాటర్ ఎవరో అందులో పేరు పెట్టి చెప్పాలి, ఎందుకంటే జావాస్క్రిప్ట్‌కి వీఎస్ కోడ్‌కి సొంత ఫార్మాటర్ కూడా ఉంది, ఇద్దరిలో ఎవరు సర్దాలో తేల్చకపోతే ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా వస్తుంది. పైథాన్ ఫైళ్లకి విడిగా బ్లాక్ (Black) అనే ఫార్మాటర్ పెట్టాం. దాని లెక్క లైన్‌కి 88 అక్షరాలు, దాన్ని కదిలించలేదు, ఇంకో గంట గొడవ పడే ఓపిక లేదు.

ఇక పాత కోడ్ సంగతి. మొత్తం ఒకేసారి ఫార్మాట్ చేసి, అందులో ఇంకే మార్పూ కలపకుండా ఒక్క కమిట్‌గా, అంటే మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఒకే నమోదుగా పెట్టాం. అలా చేస్తే ఏ లైన్‌ని చివరగా ఎవరు మార్చారో చూపించే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్ మీదా నా పేరే వస్తుంది, రాత్రి మూడింటికి ఏదైనా పగిలితే నాకే ఫోన్. అందుకే ఆ కమిట్ నంబర్‌ని ఒక ఫైల్‌లో రాసి, బ్లేమ్ చూసేటప్పుడు దీన్ని వదిలెయ్ అని గిట్‌కి చెప్పాం. 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. అంత ధైర్యం చేయలేని ప్రాజెక్ట్ అయితే ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్‌లో మాడిఫికేషన్స్ అని పెట్టుకోండి, మీరు ముట్టుకున్న లైన్లే సర్దుతుంది. కాకపోతే ఫైల్‌లో కొంత భాగాన్ని మాత్రమే సర్దడం మీ ఫార్మాటర్‌కి వచ్చి ఉండాలి.

ఒక్కచోట మాత్రం నాకే మనసొప్పలేదు. స్లాబుల పట్టిక ఒకటి, నిలువు వరుసలన్నీ సమంగా వచ్చేలా ఎవరో స్పేసులు పెట్టి ముగ్గేసినట్టు రాశారు. ప్రెట్టియర్ ఆ స్పేసులన్నీ ఊడ్చేసింది. పైన ప్రెట్టియర్ ఇగ్నోర్ అని కామెంట్ పెట్టి దాన్ని వెనక్కి తెచ్చాను.

అంతా అయ్యాక పక్క సీటు కుర్రాడు వచ్చాడు. "అన్నా, నాది మాత్రం ఫార్మాట్ అవ్వట్లేదు." అరగంట వెతికాం. వాడి ఆటో సేవ్ ఆఫ్టర్ డిలేలో, అంటే కాసేపాగి దానంతటదే సేవ్ అయ్యేలా ఉంది. అలా సేవ్ అయితే వీఎస్ కోడ్ ఫార్మాట్ చేయదు, మనం టైప్ చేస్తూ ఉండగానే కోడ్ కదిలిపోతే కష్టం కదా. విండో మారినప్పుడు సేవ్ అయ్యేలా మార్చాం. ఇప్పుడు వాడు వాట్సాప్ వెబ్ తెరిచినప్పుడల్లా కోడ్ సర్దుకుంటోంది, మా టీమ్‌లో అందరికంటే నీటుగా ఉన్నది వాడి కోడే.