అత్తగారి మోకాళ్లు, నా వేళ్లు: రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ నిర్ధారణలో నా అనుభవం

మా ఇంట్లో కీళ్ల జబ్బులు రెండున్నాయి. అత్తగారికి చాలా ఏళ్లుగా మోకాళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థ్రైటిస్. నాకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం. నాకు నొప్పులు మొదలైనప్పుడు ఇంటా బయటా అందరూ "నలభై దాటాక అరుగుదల మామూలే" అన్నారు. మా ఊళ్లో చూపించుకున్న చోట ఈ జబ్బు కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్త పరీక్ష చేయించి, నెగెటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం కాదని చెప్పి, కాల్షియం, నొప్పి మాత్రలు రాసి పంపించారు.

అయితే మా ఇద్దరి బాధా ఒక్క తీరుగా లేదు. అత్తగారికి పొద్దున్నే లేచి నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ల బిగుతు సడలేది. మెట్లెక్కి దిగిన రోజున సాయంత్రానికి నొప్పి పెరిగి, కాళ్లు చాపుకుని కూర్చుంటే తగ్గేది. నాకు తెల్లవారడమే కష్టంగా ఉండేది. పిడికిలి ముడుచుకోక, తడిబట్ట పిండలేక, పాల ప్యాకెట్ కత్తిరించడానికి కత్తెర పట్టుకోలేక గంటకు పైగా అవస్థ పడి, పని చేసుకుంటూ పోగా పోగా కాస్త సులువయ్యేది. రెండు చేతులకూ వేళ్ల మొదట్లోని కణుపులు, మధ్య కణుపులు మెత్తగా ఉబ్బి వెచ్చగా ఉండేవి కానీ గోటి దగ్గరి కణుపులకు ఏమీ కాలేదు. అత్తగారి వేళ్లకు సరిగ్గా ఆ గోటి దగ్గరే ఎముకలా గట్టి బుడిపెలున్నాయి. వీటన్నిటికీ తోడు నాకు విపరీతమైన నీరసం.

చివరికి విజయవాడలో ఒక రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతపు జబ్బుల నిపుణురాలిని కలిశాను. ఆమె కాగితాలు చూడకముందే నా అరచేతిని వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా పట్టుకుని మెల్లగా నొక్కారు, ప్రాణం విలవిల్లాడింది. ఒంట్లో వాపును తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీని చూసే యాంటీ సీసీపీ రక్త పరీక్షలు, చేతుల ఎక్స్‌రేలు రాశారు. ఆర్ఏ ఫ్యాక్టర్ ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి రానే రాదని, హెపటైటిస్ సి వంటి జబ్బుల్లోనూ, కొందరు ఆరోగ్యవంతుల్లో కూడా కనిపిస్తుందని, యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే దాన్ని ఇంకా గట్టి ఆధారంగా తీసుకుంటారని అప్పుడే తెలిసింది. అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు 2010లో ప్రకటించిన ప్రమాణాలలో కీళ్ల సంఖ్య, రక్త పరీక్షలు, బాధ ఆరు వారాలు దాటిందా లేదా అన్నవాటికి మార్కులుంటాయి. పదింటికి ఆరు వస్తే రుమటాయిడ్‌గా లెక్క. నాకు యాంటీ సీసీపీ బాగా ఎక్కువగా వచ్చింది, ఆరు దాటింది.

అత్తగారి జబ్బులో ఎముకల చివర ఉండే మృదులాస్థి క్షీణించి, ఎముక అంచులు పెరుగుతాయి. నా జబ్బులో శరీరపు రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, పట్టించుకోకపోతే ఎముకను కొరికేస్తుంది. ఊపిరితిత్తులకు, కళ్లకు కూడా పాకవచ్చు. ఎముక కోత తొలి ఏళ్లలోనే మొదలవగలదు కనుక, నొప్పి మాత్రలతో నెలలు గడిపేయడం ఎంత నష్టమో అందరికీ తెలియాలని నా తపన.

ఈ జబ్బుకు నాకు రాసిన మందు మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, మాత్రల అట్ట మీద మార్కర్‌తో పెద్దగా "ఆదివారం" అని రాసుకున్నాను. వేరే రోజున ఫోలిక్ యాసిడ్. రక్తకణాలు, కాలేయం, కిడ్నీల పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. గర్భం దాల్చాలనుకునేవారు ఈ మందు వాడకూడదు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. అంతవరకు తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చారు.

నాకు తేలికపడడం చూసి అత్తగారు "ఆ మాత్ర నాకూ ఒకటివ్వమ్మా" అని అడిగారు. ఆవిడ అరుగుదలకు అది మందు కాదని, తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే నొప్పికి పూత మందు, ఇవే ఆవిడకు పనికొస్తాయని డాక్టరుగారి చేతే చెప్పించాను. ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుని రోజూ కాలు చాచి ఎత్తే వ్యాయామం చేస్తున్నారు. నాకు స్టెరాయిడ్ ఆపేశారు, మెథోట్రెక్సేట్ మాత్రం కొనసాగుతోంది. పొద్దున్నే బట్టలు నేనే పిండుకుంటున్నాను.