సిస్టర్, ఛాతీని పూర్తిగా లేవనివ్వండి

పోయిన శనివారం బీఎల్‌ఎస్ (గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చి ప్రాణం నిలిపే ప్రాథమిక శిక్షణ) రెన్యువల్‌కి వెళ్ళాను. రెండేళ్ళకే కార్డు గడువు అయిపోతుంది కాబట్టి తప్పదు. ఇన్నిసార్లు చేశాను కదా అన్న ధైర్యంతో బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాను. రెండో విడత మధ్యలో ట్రైనర్ అబ్బాయి ఆపాడు.

"సిస్టర్, లోతు బాగుంది, స్పీడూ బాగుంది. కానీ చేతులు పైకొచ్చేటప్పుడు కూడా మీ బరువు ఛాతీ మీదే ఉంటోంది."

నిజమే. అలసిపోయేకొద్దీ ముందుకు వాలిపోతున్నాను. ఛాతీ పూర్తిగా లేస్తేనే గుండెలోకి రక్తం తిరిగి నిండుతుంది. నిండకపోతే ఇంకోసారి నొక్కినా బయటికి పోయేదేముంటుంది? పరీక్షలో అడిగితే ఈ సంగతి తడుముకోకుండా రాస్తాను. నా చేతులకే తెలియలేదు. నాలుగో విడతకి గానీ, సరిగ్గా నొక్కితే బొమ్మ మీద వెలిగే ఆకుపచ్చ లైటు నిలకడగా వెలగలేదు.

నేను చిత్తూరులో జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా ముగించింది 2004లో. అప్పట్లో ముందు శ్వాసదారి చూడాలి, తర్వాత ఊపిరి ఇవ్వాలి, ఆ తర్వాతే ఛాతీ. పదిహేను నొక్కులకు రెండు ఊపిర్లు. 2005లో అది ముప్పైకి రెండు అయింది. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరసనే మార్చి, ముందు ఛాతీ నొక్కమంది. పెళ్ళయి బెంగళూరు వచ్చి ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్న నాకు ఈ రెండు మార్పుల సంగతీ ఎవరూ చెప్పలేదు.

2012లో ఓపీ బయట ఒకాయన కుప్పకూలారు. నేను గడ్డం పైకెత్తి, ఆయన ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటూ ఉండిపోయాను. అప్పుడే కోర్సు ముగించి చేరిన అనంతపురం పిల్ల "అక్కా జరుగు, ముందు కంప్రెషన్లు!" అంటూ మొదలుపెట్టేసింది. ఆయన బతికారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల ఆ రోజు సెలవులో ఉండుంటే?

నాతో చదివిన స్నేహితురాలు ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ రిజిస్ట్రేషన్ నిలవాలంటే మూడేళ్ళలో 35 గంటలు చదవాలి. అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. పైగా తన పనిలో ఎదురైనవాటి నుంచి ఏం నేర్చుకుందో ఐదు సంగతులు రాసి, ఇంకో నర్సుతో కూర్చుని మాట్లాడాలి. "మొదట్లో సిగ్గేసిందే. రాస్తేనే తెలిసింది ఎక్కడ తడబడ్డానో" అంది ఫోన్లో.

మన నర్సింగ్ కౌన్సిల్ లెక్క ఐదేళ్ళకు 150 గంటలు. గంటలకేం తక్కువ లేదు. కానీ నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట క్లాసులు వీక్లీ ఆఫ్ రోజే పెట్టేవాళ్ళు. నైట్ దిగి నేరుగా వచ్చినవాళ్ళు వెనక వరసలో కునికిపాట్లు పడేవాళ్ళు. రిజిస్టర్లో సంతకాలు మాత్రం నిండేవి. ఇది అన్యాయం. నేర్చుకునే గంట కూడా డ్యూటీ గంటే, దానికీ జీతం కట్టాలి.

మంచి దారులు లేక కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. హెపటైటిస్ సి రోగులు తన దగ్గరికి అంత దూరం ప్రయాణం చేసే పని లేకుండా, వాళ్ళ ఊరి డాక్టర్లతోనే వీడియోలో వారం వారం కేసులు మాట్లాడేవారు. మన బెంగళూరు హోసూరు రోడ్డు మీది మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కూడా ఇదే పద్ధతిలో దూరపు జిల్లాల డాక్టర్లకు మానసిక వైద్యం నేర్పుతోంది. తాను చూస్తున్న కేసే చెప్పుకుని, అక్కడికక్కడే సరిదిద్దించుకోవడం. నాకు శనివారం జరిగిందీ అదే కదా.

మా ఇన్‌ఛార్జిని అడిగాను. బుధవారం మధ్యాహ్నం, షిఫ్టులోనే, ఇరవై నిమిషాలు ఇస్తానన్నారు. కొత్తగా చేరిన ఆరుగురితో మొదలుపెడతాను. బొమ్మ లోపలి ఊపిరితిత్తుల సంచి చిరిగి ఉంది, ముందు స్టోర్‌కి వెళ్ళి అది మార్పించాలి.