ఓక్ బోన్సాయ్‌కి కుండీ మార్చేటప్పుడు ఆకులు ఎంతవరకు తీయాలి? నా అనుభవం

నా హోల్మ్ ఓక్ బోన్సాయ్‌కి ఈ వసంతంలో కుండీ మార్చక తప్పలేదు. వేర్లు లోపలంతా అల్లుకుపోయి, పోసిన నీళ్లు కిందికి దిగకుండా పైనే నిలబడిపోతున్నాయి. నా టెన్షన్ అంతా ఆకుల గురించే. ఆకురాల్చే చెట్టయితే మోడుగా ఉన్నప్పుడే వేర్లు కత్తిరించేస్తాం, ఏ ఇబ్బందీ ఉండదు. ఇది ఏడాది పొడవునా ఆకులతో ఉండే జాతి. వేర్లు తగ్గినా ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. అలాగని మొత్తం దూసేస్తే కొత్త వేర్లకు తిండి ఎవరు పెడతారు?

అందుకే వేర్ల పని అయ్యాకే ఆకుల సంగతి తేల్చుకుందామనుకున్నాను. మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని సమయం చూసి చెట్టును బయటికి తీశాను. మట్టిలో సన్నటి తెల్లని పోగులు కనిపించాయి. అది ఓక్ వేర్లతో కలిసి బతుకుతూ వాటికి నీళ్లు, పోషకాలు అందించే శిలీంధ్రం. దాన్ని కడిగేయడం మనసొప్పదు కాబట్టి పాత మట్టి కొంత ఉంచేశాను. వేర్లలో మూడో వంతు కన్నా తక్కువే తీసి, చెట్టు కదలకుండా తీగతో కుండీకి బిగించాను.

ఇక ఆకులు. దగ్గరగా చూస్తే ఏది ఉంచాలో చెట్టే చెబుతుంది. రెమ్మ కొసల్లో ఉన్న నిరుటి ఆకులు మెరుస్తూ బిరుసుగా ఉన్నాయి. లోపలివి అంతకన్నా పాతవి, రంగు మాసి మచ్చలు పడ్డాయి. కొత్త చిగురు వచ్చేసరికి ఈ పాతాకులు ఎలాగూ రాలిపోయేవే. ముందు వాటినే తీశాను, అదీ లాగకుండా కత్తెరతో, తొడిమ కొంచెం మిగిల్చి. తొడిమ మొదట్లోనే మొగ్గ ఉంటుంది, లాగితే అదీ ఊడొస్తుంది. బలంగా ఉన్న పైకొమ్మల్లో మరీ పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించాను. కింది బలహీనమైన కొమ్మల జోలికి పోలేదు. ఏ రెమ్మనీ పూర్తిగా బోడి చేయలేదు. సతతహరిత ఓక్‌లో ఆకులన్నీ పోయిన కొమ్మ ఎండిపోయే ప్రమాదం ఉంది. అన్నీ తీసేయమనే సలహా ఈ చెట్టుకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

తర్వాత గాలి తగలని నీడపట్టున పెట్టి, ఆకుల మీద నీళ్లు చిలకరిస్తూ వచ్చాను. నీళ్లు పోయడంలో మాత్రం బాగా జాగ్రత్తపడాలి. ఆకులు తగ్గాయి కాబట్టి కుండీ మెల్లగా ఆరుతుంది. అలవాటు కొద్దీ రోజూ పోస్తే తెగిన వేర్లు కుళ్లిపోతాయి. మట్టిలో పుల్ల గుచ్చి, తడి ఆరుతోందని చూసుకున్నాకే పోశాను.

కొన్ని వారాలకు మిగిల్చిన తొడిమలు పసుపెక్కి, వేలు తగిలితే చాలు రాలిపోవడం మొదలైంది. అది చూశాక నా ప్రాణం కుదుటపడింది. బతికున్న రెమ్మే తొడిమను తనంతట తాను వదిలించుకోగలదు. చచ్చిన రెమ్మకైతే అది ఎండి అతుక్కుని ఉండిపోతుంది. ఒక కింది రెమ్మకు ఆకులు గోధుమరంగులోకి తిరిగి అలాగే వేలాడాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చదనం లేదు, దాన్ని కత్తిరించేశాను. మిగతా కొమ్మలన్నిటికీ తెల్లటి నూగుతో చిగుళ్లు వచ్చాయి. అవి గట్టిపడి ముదురాకుపచ్చకు తిరిగాకే ఎరువు మొదలుపెట్టాను. ఈ ఏడాదికి ఇంక కత్తెర పెట్టను.