మళ్ళీ నేషన్స్ కప్‌కే

30 జూన్ 2025, సోమవారం, సికింద్రాబాద్

నిన్న బెర్లిన్‌లో చైనా చేతిలో 2-3తో ఓడిపోయాం. దాంతో మన అమ్మాయిల హాకీ జట్టు ప్రపంచంలోని తొమ్మిది మేటి జట్లు ఆడే ప్రో లీగ్‌లో ఆఖరి స్థానంలో, అంటే తొమ్మిదికి తొమ్మిదో స్థానంలో మిగిలిపోయింది. 16 మ్యాచ్‌లు ఆడితే 10 పాయింట్లు. 2022 డిసెంబరులో వలెన్సియాలో స్పెయిన్‌ని ఓడించి నేషన్స్ కప్ గెలిచి ఈ లీగ్‌లోకి వచ్చాం. ఇప్పుడు మళ్ళీ ఆ కింది స్థాయి నేషన్స్ కప్పే ఆడాలి.

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. తొమ్మిదో నిమిషంలోనే సునెలిటా టొప్పో గోల్ వేసింది. చైనా రెండు వేశాక, మూడో క్వార్టర్లో రుతుజా పిసాల్ స్కోరు సమం చేసింది. ఆడలేక ఓడిన మ్యాచ్ కాదిది. నాలుగో క్వార్టర్లో ఒక్క గోల్ ఇచ్చాం, అంతే.

పొద్దున గ్రౌండులో అందరి నోటా ఇదే మాట. వాకింగ్ అయ్యాక టీ కొట్టు దగ్గర చేరాం. రైల్వేకి ఆడి రిటైరైన అంకుల్, గవర్నమెంటు స్కూల్లో పీఈటీ చేసే మాస్టారు, డిగ్రీ కాలేజీకి గోల్‌కీపింగ్ చేసే అమ్మాయి, ఇంకా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడు మొబైల్లో పాయింట్ల పట్టిక తీసి అందరికీ చూపిస్తున్నాడు.

"ఇంక లాభం లేదు అంకుల్, కోచ్‌ని మార్చాల్సిందే. యూరప్ వెళ్ళి ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవకపోతే ఎట్లా?"

"ఎన్నిసార్లు మారుస్తావ్‌రా?" అన్నారు అంకుల్. ఆయన గొంతు పెంచలేదు గానీ, టీ గ్లాసు బల్ల మీద గట్టిగానే పెట్టారు.

ఆయన కోపంలో న్యాయముంది. 2017లో షోర్డ్ మరైన్ అమ్మాయిల కోచ్‌గా వచ్చాడు. కొన్ని నెలలకే ఆయన్ని మగవాళ్ళ జట్టుకు పంపి, ఇక్కడికి హరేంద్ర సింగ్‌ని తెచ్చారు. ఆయన వచ్చీ రాగానే ఆసియా కప్ గెలిపించాడు. 2018లో మళ్ళీ ఇద్దర్నీ అటూ ఇటూ మార్చారు. మరైన్‌ని ఆ తర్వాత మూడేళ్ళు కదపకుండా ఉంచితే టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించిన ఆ పొద్దుట ఇంట్లో నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. మరైన్ వెళ్ళాక యానెకె షాప్‌మన్ వచ్చింది. 2024 జనవరిలో రాంచీలో పారిస్ ఒలింపిక్స్ బెర్తు పోయింది. అమెరికా చేతిలో 0-1తో ఓడిపోయాం, జర్మనీతో షూటౌట్‌లో పోయింది, ఆఖరికి జపాన్ చేతిలో మళ్ళీ 0-1. నెల దాటగానే ఆమె రాజీనామా చేసింది. ఆ ఏప్రిల్లో మళ్ళీ హరేంద్ర సింగే వచ్చాడు.

ఆయనేమీ తక్కువ కోచ్ కాదు. 2016లో లక్నోలో కుర్రాళ్ళకి జూనియర్ ప్రపంచకప్ గెలిపించాడు. మొన్న నవంబరులో రాజ్‌గిర్‌లో ఇదే జట్టు ఫైనల్లో ఇదే చైనాని 1-0తో ఓడించి ఆసియన్ ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచింది. దీపిక ఆ ఒక్క టోర్నీలోనే 11 గోల్స్ వేసింది. ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఒలింపిక్ ఛాంపియన్ నెదర్లాండ్స్‌ని కూడా షూటౌట్‌లో గెలిచాం. నాలుగు నెలలకే అందరూ ఆట మర్చిపోయారా?

"మర్చిపోలేదు, ఆయాసపడుతున్నారు" అన్నారు మాస్టారు. ఈ యూరప్ ట్రిప్పులో ఒక్క గోల్ తేడాతో ఓడినవే నాలుగు, ఆస్ట్రేలియాతో రెండు, బెల్జియంతో ఒకటి, నిన్నటిది ఒకటి. అర్జెంటీనాతో 2-2 చేసి షూటౌట్‌లో ఓడాం. "నలభై అయిదు నిమిషాలు సమానంగా ఆడే జట్టు ఆఖరి పావుగంటలో జారిపోతోందంటే బెంచ్ చూడాలి బాబూ. ఈ కాలం హాకీలో పదకొండు మంది ఆడరు, పద్దెనిమిది మంది ఆడతారు. నాలుగైదు నిమిషాలకోసారి మనిషి మారుతూనే ఉండాలి. వచ్చిన అమ్మాయి వెళ్ళిన అమ్మాయంత గట్టిగా ఉండాలి."

కుర్రాడు ఒప్పుకోలేదు. ఎవరిని ఎప్పుడు దించాలో చూసుకునేది కోచే కదా అన్నాడు. అదీ నిజమే. కోచ్‌కి ఇందులో ఏ బాధ్యతా లేదని నేనూ అనను. రెండు రోజుల్లో రెండు మ్యాచ్‌లు, అదీ ఒకే జట్టు చైనాతో. మొదటి రోజు 0-3తో ఓడాక రెండో రోజు మార్చి ఆడించడం ఆయన పనే. కానీ నిన్న నిజంగానే మారి ఆడారు. అందుకే నాకు బాధ ఎక్కువైంది.

ఈలోగా ఎవరో తప్పంతా గోల్‌కీపర్‌దే అన్నారు. ఆ మాటతో మా గోల్‌కీపర్ అమ్మాయి లేచి నిలబడింది. గోల్ ముందు గీసే అర్ధవృత్తమే డీ, అందులో తప్పు చేస్తే అవతలి జట్టుకి పెనాల్టీ కార్నర్ ఇస్తారు. "పెనాల్టీ కార్నర్‌లో గోల్ గీత వెనక ఎంతమందిమి ఉంటామో తెలుసా అన్నా? నాతో కలిపి అయిదుగురం. మిగతా వాళ్ళంతా సగం గ్రౌండు అవతల ఉంటారు. బంతి లోపలికి వచ్చాక స్టాపర్ ఆపి, ఫ్లికర్ లాగి కొట్టేసరికి ఫస్ట్ రష్ వెళ్ళే అమ్మాయి డీ అంచు దాకా చేరాలి. ఆమె ఒక్క అడుగు లేటైనా నాకు బంతి కనపడేది గోల్లోకి వచ్చాకే." చెప్తూనే చెప్పుల కాలితో తడి మట్టిలో డీ గీసింది. ఫస్ట్ రష్ ఏ వైపు నుంచి పరుగెత్తాలో, ఎడమ చేతిని ఎంత కిందికి దించాలో, మోకాలి గార్డు ఎక్కడ అడ్డం పెట్టాలో చూపించింది. అంకుల్ కూడా వంగి చూశారు. మన గోల్‌కీపర్ సవిత టోక్యోలో ఆస్ట్రేలియా మీద ఆపిన కార్నర్లన్నీ ముందు ఆ రష్ వెళ్ళిన పిల్లల పుణ్యమే అని, తర్వాతే సవిత పుణ్యమని ఆయన అన్నారు. గోల్‌కీపర్ అమ్మాయి దానికి అడ్డు చెప్పలేదు.

మరి మనకొచ్చిన కార్నర్ల సంగతేంటి? నన్నడిగితే అసలు జబ్బు ఇక్కడే ఉంది. టోక్యోలో ఆస్ట్రేలియా మీద ఆ ఒక్క గోల్ కార్నర్ నుంచే వచ్చింది, గుర్జీత్ కౌర్ కొట్టింది. రాంచీలో జపాన్‌తో ఆడిన రోజు కార్నర్ల మీద కార్నర్లు వచ్చినా ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు. కార్నర్లు కొట్టే భారం ఇప్పటికీ దీపిక మీదే. కార్నర్ కొట్టే డ్రాగ్ ఫ్లిక్ ఇరవై ఏళ్ళొచ్చాక జాతీయ క్యాంపులో నేర్చుకునే విద్య కాదు. నడుం వంచి, ఎడమ కాలు ముందుకేసి, బంతిని స్టిక్ వంపులో పట్టి నేల మీద లాక్కుంటూ వదలడం చిన్నప్పుడే ఒంటికి అలవాటు కావాలి.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మాస్టారి స్కూలు పిల్లల ప్రాక్టీస్ దగ్గర ఆగాను. పదమూడు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు కార్నర్‌కి బంతి ఆపడం నేర్చుకుంటున్నారు. ఒకమ్మాయి గోల్ లైన్ మీద నుంచి తోస్తోంది, ఇంకో అమ్మాయి డీ బయట స్టిక్‌ని నేలకి ఆనించి పడుకోబెట్టి ఆపుతోంది. టర్ఫ్ అయితే బంతి గీత గీసినట్టు వస్తుంది. ఇక్కడ మట్టి, వాన పడి గుంటలు. బంతి చిన్న రాయి తగిలి ఎగిరి ఆ పిల్ల మణికట్టు మీద కొట్టింది. చెయ్యి ఒకసారి విదిలించి మళ్ళీ అక్కడే వంగింది. ఆగిన బంతి కన్నా ఎగిరిన బంతే ఎక్కువ. అలాంటప్పుడు ఫ్లిక్ ఎప్పుడు నేర్పాలి? "రాళ్ళు ఏరించడానికే సగం టైం పోతుంది సార్" అన్నారు మాస్టారు.

మన జట్టుకు ఆడిన సలీమా టెటె వచ్చిన జార్ఖండ్ సిమ్‌డేగాలో, రాణీ రాంపాల్ వచ్చిన హర్యానా షాహాబాద్‌లో ఊరంతా ఈ ఆటే ఊపిరిగా బతుకుతుంది. షాహాబాద్‌లో కోచ్ బల్‌దేవ్ సింగ్ ఏళ్ళ తరబడి అక్కడే ఉండి పిల్లల్ని తయారు చేశాడు. మన తెలుగు నేల నుంచీ వచ్చారు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళి గోల్‌కీపర్ రజని 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య దేశానికి ఆడింది. వాళ్ళ వెనక వరస ఏది? హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఈ ఫిబ్రవరిలో ఫైనల్ దాకా వెళ్తే ఎంత సంబరపడ్డామో. అది మగవాళ్ళ జట్టు. అమ్మాయిల లీగ్ ఈ ఏడాదే మొదలైంది, నాలుగే జట్లు, అందులో మన ఊరు లేదు. ఈ పిల్లలకి చూపించడానికి మన ఊరి జెర్సీ వేసుకున్న అక్క ఒక్కరైనా ఉండాలని నాకు చాలా ఉంది.

జట్టులో పద్దెనిమిది మందీ ఒకేలా ఉండాలంటే వాళ్ళు ఇలాంటి గ్రౌండ్ల నుంచే రావాలి. ఢిల్లీలో కోచ్ పేరు మార్చినంత మాత్రాన ఈ మట్టిలో బంతి తిన్నగా రాదు. ఈ మాట పొద్దున కుర్రాడితో గట్టిగా చెప్పాల్సింది. రేపు చెప్తాను.

సెప్టెంబరులో హాంగ్జౌలో ఆసియా కప్ ఉంది. గెలిస్తే వచ్చే ఏడాది ప్రపంచకప్‌కి నేరుగా వెళ్తాం. అడ్డుగా మళ్ళీ చైనా, అదీ వాళ్ళ గడ్డ మీదే. రెండు నెలల ముందు కోచ్‌ని కదపొద్దని నేనూ అంకుల్, కదపాల్సిందేనని కుర్రాడు. మాస్టారు మాత్రం కార్నర్‌కి ఇంకో ఫ్లికర్‌ని తయారు చేస్తే ఎవరున్నా ఫరవాలేదంటున్నారు.